ముందు ఫోటో, తరువాత ఫోటో

నవంబరు ఇరవై ఆరు, సోమవారం. ఆ పొద్దున నేను మూడు ఇడ్లీలు తిన్నాను. అల్లం పచ్చడి, పక్కన చిటికెడు కారప్పొడి, దాని మీద నూనె కాదు, నెయ్యి. తేదీ ఇంత ఖచ్చితంగా ఎందుకు గుర్తుందంటే, ఆ తరువాత మా పట్టణంలో పౌర విధులు వర్ధిల్లినన్ని రోజులూ నాకు సరిగా ఇడ్లీ దొరకలేదు.

ఆ ఇడ్లీలు నూకరత్నంవి. మా ఎదురింట్లో ఉంటుంది. తెల్లవారుజామున అయిదింటికి తోపుడు బండి మీద పొయ్యి, ఇడ్లీ పాత్ర, పచ్చడి గిన్నెలు సర్దుకుని, ఇంటి ముందు మురుగు కాలవ మీదున్న సిమెంటు పలక దాటించి, బస్టాండు మలుపులో తన చోటికి తోసుకుపోతుంది. పోయే ముందు మొదటి వాయిలోంచి మూడు ఇడ్లీలు స్టీలు గిన్నెలో పెట్టి, మూత వేసి, నా అరుగు మీద ఉంచి వెళ్తుంది. నా భార్య కామేశ్వరి చనిపోయిన నెలలో మొదలైన అలవాటు ఇది. తలుపు కొట్టదు, పలకరించదు. పలకరిస్తే నేను ఏదో ఒక జవాబు చెప్పవలసి వస్తుందని ఆవిడకు ఎలా తెలిసిందో నాకు తెలియదు. ఆవిడ చేసే చప్పుడల్లా ఒక్కటే. రాత్రి ఎనిమిదింటికి తన రేకు తలుపు దడాలున వేస్తుంది. మా వీధిలో ఆ చప్పుడు విని గడియారాలు దిద్దుకుంటారు.

పదకొండు గంటలకు, నూకరత్నం బండితో తిరిగొచ్చి లోపల పెట్టుకున్న కాసేపటికి, వీధిలోకి ఒక జీపు వచ్చింది. మెడలో కార్డు, చేతిలో ఫోను, ముఖాన నిద్రలేమి ఉన్న ఒకాయన దిగాడు. మునిసిపాలిటీ వారి ‘పౌర విధుల పక్షోత్సవాల’ నోడల్ ఆఫీసరు సర్వారాయుడు గారు.

“రాజ్యాంగం పౌరులకు పదకొండు విధులు నిర్దేశించింది. మన పట్టణంలో పదకొండు వీధులను ఎంపిక చేసి, వీధికొక విధి కేటాయించడమైనది. మీ వీధికి ‘ప్రజా ఆస్తిని సంరక్షించుట’ వచ్చింది.”

“అదృష్టం,” అన్నాను.

నేను బి.ఏ.లో రాజనీతి శాస్త్రం చదివి, ఆపైన ముప్పై రెండేళ్లు చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బళ్లు తూచే కాటా దగ్గర పనిచేశాను. వీధి మొత్తానికీ కాటా బాబాయిగారిని. పరీక్షలో ‘హక్కులు, విధులు ఒకే బండికి రెండు చక్రాలు’ అని రాస్తే పదహారుకు పదకొండు మార్కులు వేశారు. ఆ వాక్యం మీద నాకు అప్పటినుంచీ కొంచెం గౌరవం.

సర్వారాయుడు గారు మా వీధిలోని ప్రజా ఆస్తిని తిరిగి చూశారు. కుళాయి తిప్పారు, నీళ్లు వచ్చాయి. దీపం స్తంభాన్ని ఊపి చూశారు, ఊగలేదు. పలక మీద నిలబడి కాలితో తన్నారు, పలక చలించలేదు. ఆయన ముఖం వాడిపోయింది.

“ఇదేంటండీ, ఇక్కడ అన్నీ బాగానే ఉన్నాయి!”

“ఆయ్, మేం చూసుకుంటాం కదండీ,” అన్నాడు పక్కింటి తాపీమేస్త్రి అప్పలకొండ, సర్టిఫికెట్ అక్కడే చేతికి ఇస్తారేమోనన్నట్టు ముందుకొచ్చి.

“చూసుకుంటే ఎలాగయ్యా? మరి ‘ముందు’ ఫోటో?”

ఆయన ఫోను తెరిచి చూపించారు. అందులో మూడు గళ్లు. మొదటిది ‘ముందు’. రెండోది ‘నిర్వర్తించుచుండగా’. మూడోది ‘తరువాత’. మూడూ నిండితేనే విధి నిర్వర్తించినట్టు.

“ముందే బాగుంటే, తరువాత బాగుండటంలో పౌరుడి పాత్ర ఏముందండీ?” అని ఆయన నన్ను అడిగారు.

నేను చదివిన ఏ పుస్తకంలోనూ దీనికి సమాధానం లేదు.

అప్పలకొండ ఉత్సాహవంతుడు. “పలక తియ్యడానికి ఒక నిమిషం. మీరు ఫోటో తీసుకోడానికి ఒక నిమిషం. మళ్లీ వెయ్యడానికి ఒక నిమిషం. దానికేం సార్,” అని గునపం తెచ్చాడు. నలుగురం పట్టి పలకను లేపి గోడకు ఆనించాం. మూడడుగుల వెడల్పు కాలవ నోరు తెరుచుకుంది. సర్వారాయుడు గారు మమ్మల్ని దాని పక్కన నిలబెట్టారు.

“కొంచెం దిగులుగా చూడండి. ఎన్నాళ్లనుంచో పలక లేనట్టు.”

మేం దిగులుగా చూశాం. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది.

“ఇంక ఎయ్యొచ్చాండీ?” అని అప్పలకొండ గునపం ఎత్తాడు. సర్వారాయుడు గారు రెండో గడి నొక్కి చూశారు. గడి తెరుచుకోలేదు.

“‘ముందు’కూ తక్కిన రెండింటికీ మధ్య ఇరవై నాలుగు గంటల వ్యవధి ఉండాలి. అంతకంటే తొందరగా ఏ పౌరుడూ విధి నిర్వర్తించడని పైవాళ్ల అంచనా. రేపు ఇదే వేళకు వస్తాను. ఈలోగా ముట్టుకోకండి. వేస్తుండగా ఫోటో కావాలి.”

లోపలినుంచి నూకరత్నం వచ్చి కాలవ అవతల నిలబడింది. “మరి రేపు పొద్దున నా బండెలా దాటుద్దండీ?”

“ఒక్క రోజేనమ్మా. దేశం కోసం.”

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. “దేశం సంగతి తరవాత. పొద్దున్నించీ ఏమైనా తిన్నారా మీరు? ముఖం అలా ఉంది.”

తినలేదు. మిగిలిన నాలుగు ఇడ్లీలు ఆకులో పెట్టి కాలవ మీదుగా చేయి చాచి అందించింది. ఆయన జీపుకు ఆనుకుని తిన్నారు. సిగ్గుపడుతూనే పచ్చడి ఇంకాస్త అడిగారు.

మర్నాడు ఆయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడోనాడు నేను మునిసిపల్ ఆఫీసుకు వెళ్లాను.

విధుల విభాగం సూపరింటెండెంటు వేదవతి గారు. ఆవిడ మాట్లాడుతుంటే చివర సంతకమూ, తేదీ కూడా వినిపిస్తాయి. నన్ను నిలబడి ఉండనివ్వకుండా అక్కడి అటెండరు ఒక స్టూలు తెచ్చి, తిరుగుతున్న ఒకే ఒక్క ఫ్యాను కింద వేశాడు. ఆ రోజు ఆ ఆఫీసులో నాకు జరిగిన మేలు అదే గనక ముందుగా చెప్తున్నాను.

“సదరు సర్వారాయుడు గారిని ఓటర్ల జాబితా సవరణ నిమిత్తం మన్యం వైపు పంపడమైనది,” అన్నారావిడ.

“ఆ ఫోటోలు మరొకరు తీయకూడదా అమ్మా?”

“తీయరాదు. ‘ముందు’ ఫోటో ఆయన ఫోను నుండి వచ్చినది. తక్కినవియు అదే ఫోను నుండి రావలెను. లేనియెడల ఇవి రెండు వేర్వేరు పలకలని కంప్యూటరు భావించును.”

“పోనీ, ఫోటో లేకపోయినా ఫరవాలేదు. పలక మేమే వేసుకుంటాం.”

వేదవతి గారు కళ్లజోడు తీసి నావైపు చూశారు. “అప్పుడు మీది విధి నిర్వర్తించని వీధి అగును.”

“పలక ఉన్నా కూడానా?”

“పలక ఉండుట వేరు. విధి నిర్వర్తించుట వేరు. పౌరుడు తన ఇష్టము వచ్చినపుడు విధులు నిర్వర్తించుచు పోయినచో, ఇక మేము ఉన్నది ఎందులకు?”

“బల్లచెక్క ఒకటి అడ్డంగా వేస్తే?”

“అది ‘ముందు’ స్థితిని మార్చుట.”

“అమ్మా, ఆ ఇంట్లో ఒకావిడ టిఫిన్ బండి చిక్కుకుపోయింది. వేరే దారి లేదు. ఆవిడకు అదే బతుకు.”

“బండ్ల విషయము ఈ సెక్షను కాదు. వీధి వ్యాపారుల సెక్షను, పక్క గది.”

పక్క గదికి వెళ్లాను. కుర్చీ ఖాళీగా ఉంది. కాసేపటికి వేదవతి గారే వచ్చి అందులో కూర్చున్నారు. అదనపు బాధ్యత అట. కళ్లజోడు పెట్టుకుని, నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూసి, “చెప్పండి, ఏమి విషయము?” అన్నారు.

విషయం మొదటినుంచీ చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, రిజిస్టరులో నూకరత్నం వ్యాపారి కార్డు నంబరు చూసి, కొంచెం జాలిపడ్డారు కూడా. “పలక ఎవరు తీసినారో గాని, బాధ్యత లేని పని. అయితే నిబంధన నిబంధనే. వరుసగా పదిహేను రోజులు బండి తన చోట కనబడనిచో ఆ చోటు జాబితాలో తరువాతి వారికి కేటాయించబడును. ఇరవై ఏడు నుండి లెక్క. డిసెంబరు పదకొండు ఆఖరు రోజు.”

ఇంటికొచ్చి నూకరత్నానికి చెప్పాను. ఆవిడ కాలవ అవతల, నేను ఇవతల.

“పన్నెండేళ్లుగా ఆ మలుపులో నిలబడ్డానండి బాబాయిగారూ. వానొచ్చినా నిలబడ్డాను. మా ఆయన పోయిన పదకొండోనాడు కూడా నిలబడ్డాను. ఇప్పుడు ఫోటో కోసం పోద్దా?” అంది. అంతలోనే, “మీకు పొద్దున్నే ఏమైనా చేసుకోడం వచ్చాండీ?” అని అడిగింది.

“వచ్చు,” అన్నాను. రాదు. ఆరు రోజులు అటుకులు తిన్నాను.

తక్కిన పది వీధుల్లో పక్షోత్సవాలు ఇంకా చురుగ్గా సాగుతున్నాయి. పర్యావరణ పరిరక్షణ వచ్చిన వీధిలో నాలుగేళ్ల కానుగ మొక్కను పీకి, గోతిని ‘ముందు’గా ఫోటో తీసి, మళ్లీ నాటారు. ‘తరువాత’ ఫోటో దాకా అది ఓపికగా నిలబడి, ఆపైన ఎండిపోయింది. వైజ్ఞానిక దృక్పథం పెంపొందించవలసిన వీధిలో ఎవరి గుమ్మానికీ దిష్టి నిమ్మకాయలు లేకపోవడంతో, ఆఫీసు నుంచే నిమ్మకాయలూ మిరపకాయలూ తెచ్చి ఒక పాడిరైతు గుమ్మానికి కట్టి, మర్నాడు తీసేశారు. తీసేసిన రెండోనాడు ఆయన గేదె మేత మానేసింది. ఆయన ఇప్పుడు తనే కట్టుకుంటున్నాడు, గుమ్మానికీ, గేదెకీ కూడా. సోదరభావం వచ్చిన వీధిలో ఇరవయ్యేళ్లుగా స్నేహితులైన ఇద్దరిని ఒకరి చొక్కా ఒకరు పట్టుకోమన్నారు. “ఇంకొంచెం గట్టిగా. సహజంగా రావాలి,” అని ప్రోత్సహించారు. సహజంగానే వచ్చింది. ‘తరువాత’ ఫోటోకు ఆ ఇద్దరినీ ఒక చోటికి తేవడానికి పోలీసులు ప్రయత్నిస్తున్నారని విన్నాం.

డిసెంబరు మూడో తేదీ తెల్లవారుజామున గునపం చప్పుడుకు మెలకువ వచ్చింది. బయటికొస్తే అప్పలకొండ, అతని తమ్ముడు పలకను కాలవ మీద పెడుతున్నారు. నేనూ ఒక చేయి వేశాను. నూకరత్నం బండి దాటించింది. ఆ పొద్దున నా అరుగు మీద గిన్నె ఉంది. మూత తీస్తే నాలుగు ఇడ్లీలు.

పది గంటలకు మునిసిపాలిటీ మనుషులు ఆరుగురు వచ్చారు. నూకరత్నం బండితో తిరిగొచ్చి లోపలికి వెళ్లేదాకా మర్యాదగా ఆగారు. తరువాత పలక తీసి, మళ్లీ గోడకు ఆనించి, సర్వారాయుడు గారి ‘ముందు’ ఫోటో కాగితం మీద తెచ్చుకుని, అందులో ఉన్న ఏటవాలుకే ఉందో లేదో సరిచూసుకుని వెళ్లారు. సాయంత్రానికి అప్పలకొండ పేర నోటీసు వచ్చింది. చదివిపెట్టమని నా దగ్గరికి తెచ్చాడు.

‘తాము మూడవ తేదీ తెల్లవారుజామున, తగు అనుమతి లేకుండా, పర్యవేక్షణాధికారి గైర్హాజరులో, ప్రజా ఆస్తిని సంరక్షించినట్లు మా దృష్టికి వచ్చినది. తమపై ఏల చర్య తీసుకొనరాదో ఏడు రోజులలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను.’

“జైలాండీ?” అన్నాడు అప్పలకొండ.

“మొదటిసారి సంరక్షణ కదా, ఉండదులే,” అన్నాను.

సంజాయిషీ నేనే రాశాను. సదరు అప్పలకొండకు ప్రజా ఆస్తిని సంరక్షించాలనే ఉద్దేశం ఏ కోశానా లేదనీ, దారికి అడ్డంగా ఉన్న పలకను జరపబోగా అది చేయి జారి సరిగ్గా కాలవ మీద పడిందనీ, ఇకముందు ఎన్నడూ ఇటువంటి సంరక్షణకు పాల్పడడనీ. పట్టుకెళ్లి ఇచ్చాను. వేదవతి గారు చదివి, పశ్చాత్తాపం కనిపిస్తోందని మెచ్చుకున్నారు.

“ఇంకొక మాటమ్మా. మూడో తేదీన ఆవిడ బండి తన చోట నిలబడింది. అందరూ చూశారు. పదిహేను రోజుల లెక్క మళ్లీ మొదటినుంచి మొదలవ్వాలి కదా?”

ఆవిడ లేచి, పక్క గదికి వెళ్లి, ఆ కుర్చీలో కూర్చుని, నన్ను పిలిచి జవాబు చెప్పారు. “చెల్లని పలక మీదుగా వచ్చిన బండి రానట్లే.”

అంటే ఆ పొద్దున నేను తిన్న నాలుగు ఇడ్లీలూ చట్టం దృష్టిలో తిననివే. కడుపుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు గనక సరిపోయింది.

తలుపు దాకా వచ్చిన అటెండరు నా చేతిలో చిన్న కాగితం పెట్టాడు. సర్వారాయుడు గారు ఉన్న ఊరి చిరునామా. “అక్కడ ఫోనుకు సిగ్నలు ఉండదండి. ఉత్తరం వెళ్తుంది,” అన్నాడు, నావైపు చూడకుండా.

ఉత్తరం రాశాను. ఆయన హోదాకు తగ్గట్టు విన్నపాలూ ప్రార్థనలూ నింపి ఒక పేజీ రాసి, చదువుకుని, చింపేశాను. మళ్లీ రాశాను. ‘అయ్యా, మీకు ఆ రోజు ఇడ్లీ పెట్టినావిడ బండి ఇంకా లోపలే ఉంది. పదకొండో తేదీ దాటితే ఆవిడ చోటు పోతుంది. మీ ఫోను కావాలి.’

ఏడు, ఎనిమిది, తొమ్మిది తేదీలు గడిచాయి. బస్టాండు మలుపులో ఒకతను రోజూ వచ్చి, నూకరత్నం చోటును అడుగులతో కొలుచుకుని పోతున్నాడని అప్పలకొండ చెప్పాడు. ఆవిడకు చెప్పవద్దన్నాను. ఆవిడకు అప్పటికే తెలుసు. అయినా రోజూ సాయంత్రం ఒక శేరు పప్పు నానబోసి రుబ్బుతూనే ఉంది. ఆ పిండితో దిబ్బరొట్టెలు కాల్చి కాలవ మీదుగా వీధి పిల్లలకు అందిస్తోంది. ఎందుకమ్మా అంటే, “చెయ్యి మరిచిపోద్దండీ,” అంది.

పదో తేదీ సాయంత్రం ఆరింటికి సర్వారాయుడు గారు వీధి మలుపులో కనిపించారు. జీపు లేదు. బస్సు దిగి నడిచి వచ్చారు. గడ్డం పెరిగింది. ఫోను ప్లాస్టిక్ సంచిలో చుట్టి జేబులో పెట్టుకున్నారు.

“సెలవు పెట్టి వచ్చానండి,” అన్నారు.

“కారణం ఏమని రాశారు?”

“కడుపునొప్పి అని. పలక అని రాస్తే ఇవ్వరు.”

అప్పలకొండ గునపం తెచ్చాడు. ఇద్దరు ముగ్గురు పరుగెత్తుకొచ్చారు. పలక సగం లేచి ఉండగా సర్వారాయుడు గారు “అలాగే ఉంచండి!” అని అరిచారు. మేం నడుములు విరుగుతుండగా అలాగే ఉంచాం; ‘నిర్వర్తించుచుండగా’ నిండింది. పలక కాలవ మీద కూర్చుంది. అందరినీ దాని వెనక నిలబెట్టారు.

“నవ్వండి.”

“పద్నాలుగు రోజుల నవ్వు ఒక్కసారిగా ఎక్కణ్ణించి తేనండీ?” అంది నూకరత్నం. దానికి మేమంతా నవ్వాం. ‘తరువాత’ నిండింది. ఫోనులో మా వీధి ఎరుపు నుంచి ఆకుపచ్చకు తిరిగింది. పలక చట్టబద్ధమైంది. నూకరత్నం వెంటనే బండిని తోసుకొచ్చి, పలక దాటించి, వీధిలో నిలబెట్టి, పిడి వదలకుండా నిలుచుంది.

అప్పుడు ఫోను మోగింది. సర్వారాయుడు గారు చదివారు. మళ్లీ చదివారు. నాకు చూపించారు. పట్టణం మొత్తం మీద మూడు గళ్లూ నిండి, ‘తరువాత’ ఇంకా చెడకుండా నిలిచిన వీధి మాదొక్కటే గనక, మాది ఆదర్శ వీధిగా ఎంపికైంది. గురువారం రాజధాని నుంచి ఒక బృందం వచ్చి ‘ముందు’, ‘నిర్వర్తించుచుండగా’, ‘తరువాత’ మూడు స్థితులనూ ప్రత్యక్షంగా పరిశీలించును. అందుకు వీలుగా రేపు ఉదయానికల్లా వీధిని ‘ముందు’ స్థితికి తీసుకురావలెను.

నూకరత్నం మా ముఖాలు చూసి, అడగకుండానే తెలుసుకుని, బండి పిడిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

సర్వారాయుడు గారు వంగి పలక అంచును వేలితో తడిమి చూశారు. తరువాత అప్పలకొండను పక్కకు పిలిచారు. “మేస్త్రీ, సిమెంటు గట్టిపడటానికి ఎంతసేపు పడుతుంది?”

“ఎవరూ కదపకపోతే తెల్లారేసరికి పట్టేసుద్దండి. ఆపైన తియ్యాలంటే పగలగొట్టాల్సిందే.”

“ప్రజా ఆస్తిని పగలగొట్టమని రాయడానికి నిబంధన లేదు. నాకు తెలుసు. వెతికాను,” అన్నారు సర్వారాయుడు గారు. తరువాత, “నేను ఈ రోజు ఇక్కడికి రాలేదు. కడుపునొప్పితో పడుకుని ఉన్నాను,” అన్నారు.

నా పాత స్కూటరు షెడ్డు తెరిచి బండిని అందులో పెట్టించాను. అప్పలకొండ తన ఇంట్లో మిగిలిన అరబస్తా సిమెంటుతో మాలు కలిపాడు. పలక లేపి, అంచుల కింద మాలు పరిచి, రసమట్టం పెట్టి చూసి, దించాడు. వీధి దీపం కాలవ లోపలికి అందదు. సర్వారాయుడు గారు కాలవ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, పని అయ్యేదాకా ఫోనులోని దీపం పట్టుకున్నారు. ఆయన చేసిన ఆ పనికి అందులో ఏ గడీ లేదు.

“రాత్రికి ఉండిపోండి బాబూ, పొద్దున్నే వేడిగా తిని ఎల్దురు,” అంది నూకరత్నం లోపలినుంచి.

“కడుపునొప్పి ఈ రాత్రి వరకే మంజూరయిందమ్మా,” అని ఆయన చేతులు కడుక్కుని, ఏడున్నర బస్సుకు వెళ్లిపోయారు.

పలక మీదికి కుక్కలు ఎక్కకుండా నేను అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నూకరత్నం పిండి రుబ్బడం ముగించింది. పొద్దున గిన్నెలన్నీ పలక తొక్కకుండా అప్పలకొండ అందుకుంటానన్నాడు. అయిదింటికి నా షెడ్డులోంచి బండి బయల్దేరాలి.

ఎనిమిదయింది. వీధిలో రేడియోలు తగ్గాయి. అందరూ ఆ చప్పుడు కోసం ఆగినట్టున్నారు. నూకరత్నం గుమ్మంలోకి వచ్చి తలుపు మీద చేయి వేసింది. పచ్చిగా ఉన్న అంచుల వైపు ఒకసారి, నావైపు ఒకసారి చూసింది. తరువాత రేకును రెండు చేతులతో పట్టుకుని, గడియ పడిన చప్పుడు కూడా వినపడకుండా, మెల్లగా తలుపు వేసుకుంది.